చెప్పులు తొడుక్కునే సేపు

పట్నంలో చూలై పేటలో ఎండుమిరపకాయల మండీ పెట్టుకున్న ఆదిమూలం మా అక్క తాయారు మొగుడు. నాది గోనెసంచుల వ్యాపారం. సరుకు ఎవరిదైనా సంచి నాది గనక, బజారులో ఎవరి బేరం ఎట్లా నడుస్తుందో నాకు కొంత తెలుసు. మా బావ బేరమైతే దగ్గర కూర్చుని చూసి నేర్చుకున్నాను.

ఆయన పద్ధతి ఇది. గుంటూరు నుంచి కాయ వచ్చి అమ్మేవాడి కొట్టులో దిగుతుంది, ఈయన అక్కడికి వెళ్తాడు. మొదటి రకమని దూరం నుంచే ఆయన ముక్కు చెప్పేస్తుంది. అయినా దగ్గరికి పోడు. ముందు వానల సంగతి అడుగుతాడు. తర్వాత ఒక కాయ తీసి తుంచి, గింజలు అరచేతిలో పోసుకుని, ఎవరో పోయిన కబురు విన్నట్టు మొహం పెట్టి, "ఏం చేస్తాం, ఈ ఏడు అంతా ఇంతే" అంటాడు. లేచి గడప దగ్గరికి పోయి చెప్పులు తొడుక్కోవడం మొదలుపెడతాడు. అసలు బేరం అక్కడుంది. ఒక కాలు పెడతాడు. చెప్పు వారు సరిచేస్తాడు. లోపల రాయి ఉందేమోనని మళ్ళీ తీసి దులుపుతాడు. ఈలోగా అమ్మేవాడు "ఉండండి శెట్టిగారూ" అని పిలుస్తాడు. పిలిచినవాడు ఓడినట్టు. ఇది మా బజారులో అందరికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. తెలిసినా పిలుస్తాడు. పిలవకపోతే ఈయన నిజంగానే పోతాడేమోనన్న భయం వీసమెత్తు ఉంటుంది కదా. ఆ వీసం మీదే మా బావ మేడ కట్టాడు.

'కావాలి' అన్న మాట ఆయన నోట నేను వినలేదు. అన్నంలోకి మజ్జిగ కావాలన్నా "మజ్జిగ పులిసిపోయినట్టుండాది" అంటాడు. మా అక్క పోస్తుంది.

ఈ మనిషికి కస్తూరి ఒక్కతే కూతురు. 1957లో బి.ఏ. ప్యాసయింది. చరిత్రలో తన కాలేజీకంతా ఆమెకే ఎక్కువ మార్కులు. ఎం.ఏ. చదువుతానంది. ఆ ఆశ పుట్టింది నా గోడౌనులోనే. చిన్నప్పుడు బడి వదలగానే వచ్చి సంచుల మీద అచ్చులు చదువుతూ కూర్చునేది. కలకత్తా మిల్లుల పేర్లు, రంగూను బియ్యం కంపెనీల ఏనుగు బొమ్మలు, యుద్ధం నాటి సర్కారు గుర్తులు. పాత సంచిని మేము తిరగేసి కుట్టి అమ్ముతాం, ముద్ర లోపలికి పోతుంది. ఆ పిల్ల మళ్ళీ తిరగేసేది.

"ఇది రంగూన్లో ఎవరి కొట్లో ఉండింది మామా? ఈడికి ఎవరు తెచ్చినారు?"

"సంచికి చిల్లి ఉండాదా లేదా, అది చూడు మే."

చిల్లి సంగతి తప్ప మిగతావన్నీ అడిగేది.

ఎం.ఏ. అర్జీతోపాటు, ఏ విషయం మీద చదవాలనుకుంటున్నారో ఒక పేజీ రాసి పెట్టమన్నారు. తెలుగు వర్తకులు ఈ పట్నానికి ఎందుకు వచ్చారు, రాష్ట్రం విడిపోయినా ఎందుకు కదల్లేదు అని ఆమె రాసింది. నా సంచుల ముద్రలతో మొదలుపెట్టింది. నాకు చదివి వినిపించింది. ఇంగ్లీషులో ఉంది. నాకు అర్థమైన మటుకు అందులో కల్తీ లేదు.

ఆ కాలేజీలో చరిత్ర ఎం.ఏ.కి సీట్లు కొద్దే. ఇచ్చేది ప్రొఫెసరు కోదండరాం గారు. గోదావరి పక్కనుంచి వచ్చి పురసవాక్కంలో కాపురముంటున్న మనిషి. అంతకుముందు సీట్లు తీసుకున్న ఆడపిల్లలు సంబంధం కుదరగానే చదువు మధ్యలో మానేశారట. సీటు ఇంకెవరికీ పనికిరాకుండా పోయింది. అందుకని ఆయన ఆడపిల్లల తండ్రుల్ని ఇంటికి పిలిపించి, రెండేళ్ళూ చదవనిస్తారా అని నోటిమాట తీసుకున్నాకే సీటు ఇస్తున్నారు. ఇందులో నాకు తప్పేమీ కనిపించలేదు. బండిలోకి సగం ఎత్తాక వద్దనే గిరాకీకి మళ్ళీ సరుకు ఎవరిస్తారు?

మా బావ నన్ను తోడు రమ్మన్నాడు. "ఆ పక్కోళ్ళ తెలుగు నాకు సగమే తెలుస్తుంది దామోదరం. నువ్వుంటే సరి."

గది నిండా పుస్తకాలు. కుర్చీల్లో ఉన్నవి తీసి కింద పెట్టి మమ్మల్ని కూర్చోమన్నారు ప్రొఫెసరు. కాఫీ వచ్చింది.

"మీ అమ్మాయి రాసిన పేజీ చదివానండి. ఈ ఏడాది వచ్చినవాటిలో అంత బాగున్నది ఇంకోటి లేదు," అన్నారు.

నేను బావ మొహం చూశాను. మొదటి మాటలోనే సరుకు బాగుందని ఒప్పేసుకున్న మనిషిని ఆయన ఇదివరకు చూసి ఉండడు. కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏదో రాస్తుంది సార్. ఇంట్లో సుమ్మా ఊరికే కూర్చునేదానికి బదులు."

"చదువంటే ఆవిడకి బాగా ఇష్టమనుకుంటాను."

"చిన్నపిల్లల ఇష్టం ఏముంది సార్. ఈ పొద్దు ఒకటి, రేపొకటి."

"మరి మీకు?"

"మాదేముంది. మిరపకాయలోళ్ళం."

"అది కాదండీ. రెండేళ్ళూ పూర్తిగా చదవనిస్తారా? మధ్యలో మంచి సంబంధం వస్తే ఏం చేస్తారు?"

"వస్తే చూద్దాం. రాకపోయినా చూద్దాం. చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే సార్." బావ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అయినా చరిత్రకి అంత గిరాకీ ఉండదు గదా, సీట్లు మిగిలిపోతాంటాయేమో?"

"మిగలవండి," అన్నారు ప్రొఫెసరు. ఆయన మొహంలో అంతకుముందున్న వెలుగు తగ్గింది. "ఇంకోసారి అడుగుతున్నాను. ఈ సీటు మీకు కావాలా?"

"మీ ఇష్టం సార్. పెద్దోళ్ళు మీరు," అని బావ లేచాడు.

వరండాలో చెప్పులు తొడుక్కోవడం మొదలైంది. ఒక కాలు పెట్టాడు. వారు సరిచేశాడు. తీసి దులిపాడు. ప్రొఫెసరు మర్యాదస్థుడు, వచ్చినవాళ్ళు మెట్లు దిగేదాకా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. బావ రెండో చెప్పు కూడా దులిపాడు. ఆయన ఓపిగ్గా నిలబడే ఉన్నారు. ఇక దులపడానికి ఏమీ మిగలలేదు.

"ట్రాఫిక్ ఎక్కువగా ఉంటుంది, చూసి వెళ్ళండి," అని ప్రొఫెసరు తలుపు మూశారు. గడియ పడిన చప్పుడు కూడా వినిపించింది.

"రేపు మనిషిని పంపిస్తాడు," అన్నాడు బావ రోడ్డు మీదికి వచ్చాక.

"ఎందుకు బావా?"

"నువ్వే చూస్తావు. నేను ఒక్క మాట గూడా విడవలేదు. ఆయనే ముందుగా బాగుండాదని చెప్పుకున్నాడు. ఇంక ఏడ పోతాడు?"

మనిషి రాలేదు. వారం తిరిగాక కాలేజీలో పేర్లు అంటించారు. కస్తూరి పేరు అందులో లేదు. ఎవరైనా మానుకుంటే పిలవడానికి కింద ఒక పేరు రాశారు, అది ఈమెది.

ఆ పిల్ల కాలేజీ నుంచి ఇంటికి పోకుండా నేరుగా నా గోడౌనుకి వచ్చింది. సంచుల కట్ట మీద కూర్చుంది.

"మామా, ఆ పొద్దు నాయన ఏం చెప్పినాడు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. తరుగు తీయలేదు. చివరిదాకా విని, "చెప్పులు ఎంతసేపు తొడుక్కున్నాడు?" అని అడిగింది.

"చానాసేపు. రెండూ దులిపినాడు."

"అయితే నాయనకు చానా కావాలన్నమాట," అంది. కాసేపు అక్కడున్న సంచి కొస పట్టుకుని పోగులు లాగుతూ కూర్చుంది. ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు. ఆమె లేచి, "నాతో వస్తావా? ప్రొఫెసరు దగ్గరికి పోవాల," అంది.

ప్రొఫెసరు మమ్మల్ని చూసి సంతోషించలేదు, విసుక్కోనూ లేదు. కూర్చోమన్నారు.

"మూడుసార్లు అడిగానమ్మా. మీ నాన్నగారికి ఇష్టం లేదు. నేనేం చెయ్యను?"

"ఆయనకు ఇష్టం సార్. ఇష్టమైనదాన్ని ఆయన అట్లే అంటాడు."

"ఎలాగ?"

కస్తూరి చెప్పింది. మండీ సంగతి, మజ్జిగ సంగతి చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "అమ్మను చూసేదానికి వచ్చినప్పటిది నువ్వు చెప్పు మామా," అంది.

నేను చెప్పాను. పెళ్ళిచూపులకు వచ్చిన రోజు మా బావ మా అక్కను చూసి, పిల్ల పొట్టిగా ఉండాది, చూద్దాంలే అని లేచి, గడపలో చెప్పులు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. మా నాయన కంగారుపడి పిలవబోయాడు. మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "అంతసేపు తొడుక్కునేవాడు పోడు, ఊరుకోండి" అంది. కొంచెం సేపటికి బావ తనే వెనక్కి వచ్చి, దాహంగా ఉండాది, చెంబుడు నీళ్ళు ఇస్తారా అని అడిగాడు. ఆ నీళ్ళు మా అక్క చేత ఇప్పించారు.

ప్రొఫెసరు నవ్వారు. "బాగుంది. మరి నా ఇంటికి వెనక్కి రాలేదేం?"

"మా అవ్వ తలుపు తెరిచి పెట్టింది సార్," అంది కస్తూరి. "మీరు గడియ వేసినారు."

ఆయన నవ్వు ఆపారు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు.

"చూడమ్మా. మీ నాన్నగారు అన్న మాట నా దగ్గరుంది. ఆయన అనని మాట నీ దగ్గరుంది. నువ్వు చెప్పేదే నిజం కావచ్చు. కానీ పోయినసారి ఇలాగే ఒకమ్మాయి, మా నాన్న ఒప్పుకున్నాడని తను చెపితే నమ్మాను. ఆయన దీపావళికి వచ్చి తీసుకుపోయాడు. ఇప్పుడొక అబ్బాయికి ఢిల్లీలో ఉద్యోగం దొరికింది, సీటు ఖాళీ. రేపు మధ్యాహ్నంలోగా మీ నాన్నగారు వచ్చి నా ఎదట నోటితో చెప్పాలి. రాకపోతే బయటి కాలేజీ నుంచి ఒకరు అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తాను."

ఇంతకంటే న్యాయమైన షరతు నేను పెట్టలేను. అదే మాట ఇంటికి పోయి బావకు చెప్పాను. ఆయన అన్నానికి కూర్చుని ఉన్నాడు. అక్క వడ్డిస్తూ ఉంది.

"నన్ను పోయి అడగమంటాడా?" అన్నాడు. "నోరు తెరిచి?"

"ఒక్క మాట బావా."

"అడిగినోడి చేతిలో ఏం మిగుల్తుంది? రేటు ఎక్కుతుంది."

"ఆడ ఎక్కేదానికి రేటెక్కడుంది? ఫీజు అందరికీ ఒకటే."

"రేటంటే దుడ్డేనా?" ముద్ద కలపడం ఆపాడు. "రేపు పిల్లకు సంబంధాలు చూస్తాం. ఇంత చదువు ఎందుకు చదివించినావని అడుగుతారు. సీటు దానంతట అది వచ్చిందనుకో, ఏమో, అట్లా జరిగిపోయింది అంటాను. ఎవురూ నన్నేం అనరు. అదే నేను పోయి కావాలని అడిగి తెచ్చినానంటే, మంచైనా చెడైనా అది నాది గదా. నా తలమీదికి వచ్చేస్తుంది."

ఈ మాటలో లెక్క ఉందని ఒప్పుకోవాలి. అన్నేళ్ళుగా ఆయన పద్ధతి చూస్తున్నా, దాని వెనకాల ఈ లెక్క ఒకటుందని నేను కనిపెట్టలేదు. ధర తగ్గించుకోవడానికే అనుకున్నాను.

"అయితే సీటు పోనీమంటారా?" అంది అక్క.

బావ మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టాడు.

అప్పుడు కస్తూరి లోపలి గదిలోంచి వచ్చింది. తల దువ్వుకుని, బయటికి పోయే చీర కట్టుకుని ఉంది.

"ఎందుకు నాయనా ఈ గొడవంతా. వదిలేయ్. చరిత్రలో ఏముండాది? ఎప్పుడో అయిపోయిన సంగతులు. తెలుసుకున్నా ఒకటే, తెలుసుకోకపోయినా ఒకటే."

బావ తలెత్తి చూశాడు.

"పంకజం అత్త తన టైపు స్కూల్లో చేరమని ఎప్పటినుంచో చెప్తాండాది. రెండు వీధులే గదా. ఇప్పుడే పోయి పేరు ఇచ్చి వచ్చేస్తా," అంది. గడప దగ్గరికి పోయింది.

ఒక చెప్పు తొడుక్కుంది. వారు సరిచేసుకుంది. వంగి, తీసి, గోడకు కొట్టి దులిపింది.

మా అక్క గరిటె పట్టుకున్న చేతిని అట్లాగే ఆపేసింది. నేను బావ వైపు చూడలేదు. చూడకుండానే తెలుస్తుంది. ఆయన తయారుచేసిన తక్కెడలోనే ఆయన్ని కూర్చోబెట్టిందని ఆయనకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఊరికే ఆడుతోందని ఆయనకు తెలుసు. ముప్పాతిక మువ్వీసం, అంటే పదహారింట పదిహేను పాళ్ళు తెలుసు. మిగిలిన వీసమే బాధ. ఆ వయసు పిల్లలు పౌరుషానికి టైపు స్కూల్లో చేరినా చేరతారు.

రెండో చెప్పు తొడుక్కుంది. దాన్ని దులపలేదు. పమిట భుజం మీద సర్దుకుని గడప దాటింది.

"ఉండు," అన్నాడు బావ.

ఆమె ఒక మెట్టు దిగాక ఆగింది. "ఏంది నాయనా?"

"చెప్పులు ఇప్పేసి రా. పొద్దున్నే పోదాం."

"ఏడికి?"

"ఏడికో నీకు తెలీదా?" అన్నాడు. అక్క వైపు తిరిగి, "మజ్జిగ పులిసిపోయినట్టుండాది," అన్నాడు.

మా అక్క మజ్జిగ పోస్తూ, "పిలిచినోడు ఓడినట్టు," అంది, ఎవరితోనో అన్నట్టు.

మర్నాడు పొద్దున ముగ్గురం పోయాం. బావ ఇస్త్రీ కండువా వేసుకున్నాడు. కుర్చీలో చివర కూర్చున్నాడు. ప్రొఫెసరు ఏమీ అడగలేదు. మేము వచ్చిన పని ఏమిటో మేమే చెప్పాలని ఊరుకున్నారు.

"ఈసారి వానలు ఆలస్యమయ్యేట్టున్నాయి సార్," అన్నాడు బావ.

"అవునండి."

"మెట్టపైరుకి కష్టమే."

"కష్టమే," అన్నారాయన.

కస్తూరి నేల చూస్తూ ఉంది. బావ కండువాతో మెడ తుడుచుకున్నాడు. గుంటూరు రైతు మొదటిసారి సరుకు తీసుకుని మండీలోకి వచ్చినప్పుడు ఇట్లాగే ఉంటాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నేను సాయం చేయవచ్చు. బావ తరఫున రెండు మాటలు చెప్పవచ్చు. కానీ నా మాట అక్కడ చెల్లదు, అందుకని చెప్పలేదు.

"సీటు," అన్నాడు బావ. పుస్తకాల బీరువా వైపు చూశాడు. "సీటు కావాలి."

"అమ్మాయికి కావాలా, మీకు కావాలా?" అన్నారు ప్రొఫెసరు. ఆయన మంచివాడే గాని, గెలిచిన బేరంలో ఇంకో గుప్పెడు కొసరు అడిగే గుణం ఆయనకూ ఉంది.

బావ ఆయన మొహంలోకి చూశాడు.

"నాకు కావాలి సార్. రెండేళ్ళూ. మధ్యలో ఎవరు వచ్చి అడిగినా చదువు అయినాక రమ్మంటాను. చదివించింది ఎవరంటే నేనే అంటాను."

ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. అది ఆయన తనంతట వేసిన కొసరు.

ప్రొఫెసరు అర్జీ తీసి సంతకం పెట్టారు. ఆఫీసులో ఎవరికి ఇవ్వాలో కస్తూరికి చెప్పారు. ఆ సంచి ముద్రలు ఒకసారి చూడాలని ఉందని నాతో అన్నారు. ఎప్పుడైనా రావచ్చు, కానీ దుమ్ము ఎక్కువ అన్నాను. మేము బయటికి వచ్చేసరికి బావ అప్పటికే చెప్పులు తొడుక్కుని రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డ ప్రొఫెసరు ఆ సంగతి గమనించారు. ఈసారి తలుపు మూయలేదు.

కాలేజీలో అర్జీ ఇచ్చి వస్తూ పురసవాక్కంలో జవళికొట్టు ముందు బావ ఆగాడు. "కాలేజీకి ఒక చీర ఉంటే సరి," అన్నాడు. లోపలికి పోయాం. కొట్టులో ఆరుముగం అనే పెద్దాయన చీరలు పరిచాడు. ఆకుపచ్చ రంగు నేత చీర ఒకటి కస్తూరి చేతిలో కొంచెంసేపు ఎక్కువగా నిలిచింది. బావ దాన్ని చూసి, పక్కనున్న నాలుగు చీరలు తిరగేసి, చివరికి దాని అంచు పట్టుకుని నలిపాడు.

"రంగు దిగిపోయేట్టుండాది."

"దిగదు అయ్యా. దిగితే వాపసు తెచ్చేయండి."

ధర అడిగాడు. ఆరుముగం చెప్పాడు. ఎవరో పోయిన కబురు విన్నట్టు బావ మొహం మారింది. "ఏం చేస్తాం, ఇప్పుడు అంతా ఇంతే," అని లేచి, గడప దగ్గరికి పోయి, చెప్పులు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఒక కాలు పెట్టాడు. వారు సరిచేశాడు.

నేనూ లేవబోయాను. కస్తూరి లేవలేదు. చాప మీద అట్లాగే కూర్చుని, ఆ చీరను ఆరుముగం వైపు జరిపింది.

"ఇది కట్టి పెట్టండి," అంది మెల్లగా. "మా నాయన మళ్ళీ వస్తాడు."

ఆరుముగం గడప వైపు చూశాడు. బావ అప్పుడే చెప్పు తీసి దులుపుతున్నాడు. ఆరుముగం పిలవలేదు. చీర మడిచి కాగితంలో పెట్టి, తీరిగ్గా దారం చుట్టడం మొదలుపెట్టాడు.

బావ వెనక్కి వచ్చి అడిగిన ధర ఇచ్చాడు. చీర పొట్లం చూలై దాకా ఆయనే పట్టుకున్నాడు. దారిలో నేను అందుకోబోతే ఇవ్వలేదు.